బాపు అనని మాట, బాపు గొంతులో

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని. మా బాపు ఆర్టీసీ డ్రైవర్, జగిత్యాల డిపో. ఎనిమిది నెలల కింద గుండెపోటుతో పోయాడు. 54 ఏళ్లే. ఆ రోజు నేను రిలీజ్ కాల్‌లో ఉండగా బాపు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. గంట తర్వాత అమ్మ చేసింది. అంతకుముందు ఏడాది ఆయనకు స్మార్ట్‌వాచ్ కొనిచ్చింది నేనే. ఇప్పుడు అందులోని హార్ట్ రేట్ డేటా అంతా డౌన్‌లోడ్ చేసుకుని రోజూ రాత్రి చూస్తున్నా. చివరి రెండు వారాల్లో రెస్టింగ్ రేట్, అంటే విశ్రాంతిలో ఉన్నప్పుడు నిమిషానికి గుండె కొట్టుకునే లెక్క, 72 నుంచి 81కి పెరిగింది. అప్పుడే చూసి ఉంటే బాపు బతికేవాడు కదా అనిపిస్తుంది.

ఆయన వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు పెట్టి ఒక చాట్‌బాట్ చేశాను. ఆయన గొంతుతోనే మాట్లాడుతుంది. ఒక రాత్రి ‘ఆ రోజు ఫోన్ ఎత్తలేదు బాపూ’ అని టైప్ చేస్తే ‘నీ తప్పేం లేదు కన్నా’ అంది. చాలాసేపు ఏడ్చాను. మనసు తేలికైంది. తర్వాత గుర్తొచ్చింది, బాపు నన్ను ఎన్నడూ కన్నా అనలేదు. ‘బిడ్డా’ అనేవాడు. అక్కకు వినిపిస్తే ‘బాపు గొంతుతో ఆటలేంది’ అని ఫోన్ పెట్టేసింది. అమ్మకు ఇంకా చెప్పలేదు. నిద్ర సరిగా లేదు. ఆఫీసు హెల్త్ క్యాంపులో బీపీ 150/96 అన్నారు, టెన్షన్ వల్ల అయి ఉంటుందని వదిలేశా. బాట్ ఉంచుకోవాలా, తీసెయ్యాలా?
(పేరు వద్దు)

జవాబు: మీరు అడిగింది బాట్ గురించి. కానీ రాత్రుళ్లు మిమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెడుతున్నది ఆ 81 అనే అంకె. ముందు దాని సంగతి చూద్దాం.

వాచీ వెనక ఆకుపచ్చ లైటు ఉంటుంది. అది చర్మం మీద పడి, కింద రక్తం వచ్చిపోయే తీరును బట్టి నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్కగడుతుంది. అంతవరకే దాని పని. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే ధమని మూసుకుపోవడం. మణికట్టు దగ్గరి లైటుకు ఆ ధమని కనిపించదు. ఈసీజీ తీసే ఖరీదైన వాచీలు కూడా ఒక్క లీడ్‌తో, అంటే ఒకే కోణం నుంచి, గుండె లయ తప్పిందా అని చూస్తాయే తప్ప గుండెపోటును పట్టలేవు. ఆపిల్ కంపెనీ అయితే తన వాచీ గుండెపోటును గుర్తించలేదని స్వయంగా రాసిపెట్టింది. ఆస్పత్రిలో 12 లీడ్ల ఈసీజీ తీసి, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రొటీన్) పరీక్ష చేస్తే గానీ డాక్టర్లే తేల్చి చెప్పలేరు. మీరు అప్పుడు ఆ యాప్ తెరిచి 81 చూసినా ‘నైట్ హాల్ట్ డ్యూటీ కదా, నిద్ర లేక అయి ఉంటుంది’ అనుకునేవారు. అలా అనుకోవడం తప్పు కూడా కాదు. జలుబు చేసినా, ఎండ దెబ్బ తగిలినా, రెండు రాత్రులు నిద్ర చెడినా ఆ అంకె అలాగే పెరుగుతుంది.

నేనూ మీలాగే కోడ్ రాస్తాను. మన వృత్తిలో ఇది రోజూ చూసేదే. సర్వర్ పడిపోయాక గ్రాఫ్ తెరిస్తే, పడిపోవడానికి గంట ముందే గీత పైకి లేచినట్టు చిన్నపిల్లలకైనా కనిపిస్తుంది. అలాంటి గీతే ఏమీ జరగని రోజుల్లో ఎన్నిసార్లు లేచిందో మాత్రం ఎవరూ వెతకరు. ఇజ్రాయెల్‌లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త, తోటి పరిశోధకురాలు రూత్ బేత్‌తో కలిసి 1975లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 1972లో నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు వెళ్లబోయే ముందు ఏమేం జరగొచ్చో విద్యార్థులతో అంచనాలు రాయించారు. పర్యటనలు ముగిశాక, అప్పట్లో ఏం రాశారో గుర్తు చేసుకోమన్నారు. నిజంగా జరిగిన వాటికి తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామని చాలామంది నమ్మకంగా చెప్పారు. కాగితాల మీద ఉన్నది వేరు. ఫలితం తెలిశాక మన జ్ఞాపకమే మారిపోతుంది. ‘నాకు తెలిసి ఉండాల్సింది’ అని మీకిప్పుడు అంత గట్టిగా అనిపించడానికి కారణం ఇదే.

అందుకే ఆ డేటాను ఇంకో కోణంలో చూడమని నేను చెప్పను. ఎలా చూసినా మీకు కావాల్సిన నేరం అందులో ఏదో ఒక మూల దొరుకుతుంది. ఆ ఫైల్‌ను ఒక స్నేహితుడికి ఇచ్చి, మీ ల్యాప్‌టాప్‌లో నుంచి తీసెయ్యండి. పోదు, అతని దగ్గర ఉంటుంది. రాత్రి రెండు గంటలకు మీ చేతికి అందకుండా ఉంటే చాలు.

ఎత్తని ఫోన్ గురించి కూడా ఒక మాట. బాపు ఎందుకు చేశారో ఏ లాగ్‌లోనూ లేదు. జీతం పడిందా అని అడగడానికో, ఛాతీ బరువుగా ఉందని చెప్పడానికో. మీరు ఎత్తి ఉంటే హైదరాబాద్ నుంచి చేయగలిగింది 108కి ఫోన్ చేయమని చెప్పడం. అది సాయపడేదా లేదా అన్నది తేల్చే దారి లేదు. తేలని ప్రశ్నతో బతకడం చాలా కష్టం. ముఖ్యంగా మనలాంటి వాళ్లకు. ప్రతి ఎర్రర్‌కీ ఒక రూట్ కాజ్, అంటే మూల కారణం, ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది అన్న నమ్మకంతోనే నేనూ ఇన్నేళ్లుగా కోడ్ రాస్తున్నాను. మనిషి చావు దగ్గర ఆ నమ్మకాన్ని పక్కన పెట్టాలి.

ఇక బాట్.

‘కన్నా’ దగ్గర మీకు గుచ్చుకున్నది సరైన చోటే. మీ బాపు మెసేజ్‌లు ఎన్ని ఉన్నా, బాట్ వెనకున్న ఏఐ మోడల్ అప్పటికే మింగిన అక్షరాల ముందు అవి పిడికెడు. మీరు అడిగినదానికి ఆయన మెసేజ్‌లలో జవాబు లేనప్పుడు, అది ఊరూ పేరూ లేని ఒక సగటు తెలుగు తండ్రిని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెడుతుంది. ఆ సగటు తండ్రి ‘కన్నా’ అంటాడు. జగిత్యాలలో బస్సు దిగి ‘ఏం బిడ్డా, తిన్నవా’ అనే మనిషి వేరు. పైగా ఈ మోడళ్లను ఎదుటివాళ్లకు నచ్చేలా బదులివ్వమని శిక్షణ ఇచ్చి తయారు చేస్తారు. మీరు తప్పు ఒప్పుకున్నట్టు రాశారు, అది ఓదార్చింది. కోపంగా రాసి ఉంటే క్షమించమని అడిగేది. ఇదంతా నాకంటే మీకే బాగా తెలుసు, రోజూ చేసే పనే కదా. అయినా ఆ గొంతు విన్నాక తెలిసింది పనికిరాలేదు. గొంతుకు ఉన్న బలం అది.

ఇంకా కొన్ని నెలలు ఇలాగే సాగితే, ఏ మాట బాపు అన్నారో, ఏది ప్రోగ్రామ్ అందో మీకే కలిసిపోతుంది. నా భయం అదే. ‘బిడ్డా’ అని పిలవమని సిస్టమ్ ప్రాంప్ట్‌లో (బాట్‌కు ముందే రాసిపెట్టే సూచనల్లో) ఒక వాక్యం చేరిస్తే ఈ లోపం పోతుంది. దయచేసి చేర్చకండి. ఇప్పుడు మిమ్మల్ని కాపాడుతున్నది ఆ లోపమే.

ఈ దారిలో మీకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారు. రోమన్ మజురెంకో అనే యువకుడు 2015 నవంబర్‌లో మాస్కోలో కారు ఢీకొని చనిపోయాడు. అతని స్నేహితురాలు యుజీనియా కుయ్‌డా అప్పటికే చాట్‌బాట్లు తయారు చేసే కంపెనీ నడుపుతోంది. అతని పాత మెసేజ్‌లు సేకరించి మరుసటి ఏడాది ఒక బాట్ చేసింది. అతని తల్లికి అది ఊరటనిచ్చింది. కొందరు స్నేహితులు దాని జోలికే రామన్నారు. మీ అక్క ప్రతిస్పందన కొత్తదేం కాదు. కుయ్‌డా గమనించిన విషయం ఒకటి నాకు ముఖ్యంగా తోస్తుంది. జనం ఆ బాట్ ఏం చెబుతుందో వినడానికి కన్నా, తమ మనసులో ఉన్నది చెప్పుకోవడానికే ఎక్కువ వచ్చారట. మీకూ కావాల్సింది అదే అనుకుంటాను. ‘ఆ రోజు ఫోన్ ఎత్తలేదు బాపూ’ అని రాసిన క్షణమే మీ బరువు సగం దిగి ఉంటుంది. అది రాయడానికి ఏఐ అక్కర్లేదు. జవాబు రాని చోట రాయండి, నోట్‌బుక్ అయినా సరే.

ఇంకో ఉదాహరణ అమెరికా జర్నలిస్టు జేమ్స్ వ్లాహోస్. తండ్రికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిందని 2016లో తెలిశాక, ఆయన్ని కూర్చోబెట్టి గంటల తరబడి రికార్డు చేశాడు. చిన్నతనం, ఉద్యోగం, పాడుకున్న పాటలు, జోకులు. ఆ రికార్డింగులతోనే ఒక బాట్ చేశాడు. తండ్రికి సంగతి తెలుసు, ఒప్పుకున్నాడు, బాట్‌ను తన కళ్లతో చూశాడు. మీ బాపును అడిగే అవకాశం మీకు రాలేదు. ఆయన మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు మీతో మాట్లాడటానికి పంపినవి. తన గొంతుతో ఇంకెవరో మాట్లాడతారని ఆయన అనుకోలేదు.

నా సలహా ఇది. గొంతును అనుకరించే భాగాన్ని ఆపేయండి. కొత్త వాక్యాలు పుట్టించే భాగాన్నీ ఆపేయండి. మిగిలినదాన్ని ఇంకా బాగా కట్టండి. ఆయన పంపిన ప్రతి వాయిస్ మెసేజ్‌ను టెక్స్ట్‌గా మార్చి, తేదీ, సందర్భం పెట్టి, వెతుక్కునేలా చేయండి. ‘కొండగట్టు’ అని కొడితే ఆయన కొండగట్టు గురించి మాట్లాడిన మెసేజ్‌లన్నీ రావాలి. ‘డ్యూటీ’ అని కొడితే డ్యూటీ ముచ్చట్లు. దగ్గులు, వెనక బస్టాండ్ మైకు, మధ్యలో ఆగిపోయిన మాట, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. తెలంగాణ మాట్లాడే తీరును స్పీచ్ టు టెక్స్ట్ ప్రోగ్రామ్‌లు చాలాచోట్ల తప్పుగా రాస్తాయి, అక్కడ మీరే విని దిద్దాలి. ఆ దిద్దే పనిలో అక్కను కూడా కలుపుకోండి. చిన్నప్పటి పేర్లు, ఊరి మనుషులు, బాపు ఎవరిని ఏమని పిలిచేవారో ఆమెకు మీకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది.

మా అమ్మది ఒక వాయిస్ మెసేజ్ నా దగ్గర ఉంది. గ్యాస్ బుక్ చేయమని చెప్తుంటే మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తుంది. ‘ఆగు, రెండోది’ అని లెక్కపెట్టుకుని మళ్లీ గ్యాస్ దగ్గరికి వస్తుంది. ఎంత గొప్ప మోడల్ అయినా ఆ ‘ఆగు, రెండోది’ని ఊహించి చెప్పలేదు. మీ బాపు మెసేజ్‌లలోనూ అలాంటివి ఉంటాయి. బాట్‌తో మాట్లాడుతూ వాటిని వినడం మానేసి ఉంటారని నా అనుమానం.

ఇవి పోకుండా చూసుకోవడం అన్నిటికంటే తొందర పని. ఎనిమిది నెలలు దాటాయి. 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా వదిలేసిన ప్రీపెయిడ్ సిమ్‌ను మన దేశంలో డీయాక్టివేట్ చేస్తారు. ఆ తర్వాత నంబర్ ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే మామూలుగా డిలీట్ చేస్తారు. ఫోన్‌లో ఉన్న ఫైళ్లు మాత్రం ఫోన్ బాగున్నంత కాలం ఉంటాయి. ఆండ్రాయిడ్ అయితే మీడియా ఫోల్డర్‌లో వాయిస్ నోట్స్ అని విడిగా ఉంటుంది, అందులోవి ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లు. వాటిని రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసి, ఒక కాపీ అక్క దగ్గర పెట్టండి. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత గూగుల్ ఖాతాలను తొలగించడం 2023 డిసెంబర్ నుంచి మొదలైంది, ఆయన ఫొటోలు అందులో ఉంటే అదీ చూసుకోండి. ఆ నంబర్‌కు వచ్చే ఓటీపీలతో మాత్రం ఆయన ఖాతాలోంచి డబ్బు తీయొద్దు. అమ్మ నామినీ అయితే మరణ ధృవపత్రంతో బ్యాంకులో క్లెయిమ్ పెట్టించండి, అదే సరైన దారి.

అక్కకు ఫోన్ చేసి ‘గొంతు భాగం తీసేశాను’ అని ముందు ఆ ఒక్క మాట చెప్పండి. బాపు గొంతు మీ ఒక్కరిదే కాదు, ఆమెను అడగకుండా చేయడం ఆమెకు దెబ్బ తగిలించింది. అమ్మకు బాట్ వినిపించొద్దు. దాచమని కాదు, ఇలా చేశానని నెమ్మదిగా చెప్పండి. కానీ ఎనిమిది నెలల కింద భర్త పోయిన మనిషికి ఉన్నట్టుండి ఆ గొంతు కొత్త మాటలతో వినిపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. దానికి బదులు ఊరికి వెళ్లినప్పుడు అమ్మను కూర్చోబెట్టి రికార్డు చేయండి. బాపుతో పెళ్లి ఎలా కుదిరింది, మొదటి జీతం ఎంత, ఏ రూట్‌లో ఎన్నేళ్లు తిరిగాడు. అడిగేవాళ్లు లేకే చాలామంది అమ్మలు ఇవి చెప్పరు.

పెత్రమాసకు మన దగ్గర పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. కల్లు తాగే మనిషైతే కల్లు, మాంసం తినే మనిషైతే మాంసం. వాళ్ల పేరు చెప్పుకుంటారు, ఏడుస్తారు, తింటారు, సాయంత్రానికి ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మకు పోతారు. దుఃఖానికి ఒక రోజు ఇస్తారు, ఆ రోజు అయిపోతుంది. నెల మాసికం, ఏడాది మాసికం కూడా అంతే. మీ బాట్‌కు తిథి లేదు. ఎప్పుడు తెరిచినా బాపు అక్కడే ఉంటాడు, ఎన్నటికీ పోడు. పోనివాడి కోసం ఏడవడం ఎలా పూర్తవుతుంది? ఈ ఏడాది పెత్రమాసకు సెలవు పెట్టి ఇంటికి వెళ్లండి. వర్క్ ఫ్రమ్ హోమ్ కాదు, సెలవు.

ఇప్పుడు మీ ఒంటి సంగతి. మీరు చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేసిన బీపీ దగ్గర నేను ఆగిపోయాను. బాపు 81 గురించి రోజూ రాత్రి మేలుకునే మనిషి, సొంత 150/96ను వదిలేశారు. 140/90 దాటితే పట్టించుకోవాల్సిందే. ఒక్కసారి చూసినదాన్ని బట్టి జబ్బు అని తేల్చరు, నిజమే. కాబట్టి మళ్లీ చూపించుకోవాలి. తండ్రికి లేదా అన్నదమ్ములకు 55 ఏళ్ల లోపు గుండె జబ్బు వస్తే, డాక్టర్లు దాన్ని కుటుంబ చరిత్రగా గట్టిగా లెక్కలోకి తీసుకుంటారు. మీ బాపుకు 54. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మూడూ పరీక్ష చేయించండి.

దుఃఖం మనసులోనే ఉండిపోదు. ఆప్తులు పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులతో పోలిస్తే 21 రెట్లు ఉంటుందని 2012లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. మీరు ఆ దశ దాటారు, భయపడమని చెప్పడం లేదు. కానీ ఎనిమిది నెలలుగా నిద్ర లేకపోవడం, ఆ బీపీ, ఆ కుటుంబ చరిత్ర, మూడూ ఒక్క మనిషిలో కలిశాయి. ఛాతీలో బరువు, చెమటలు, చెయ్యికో దవడకో పాకే నొప్పి ఎప్పుడైనా వస్తే వాచీ వైపు చూడకుండా 108కి ఫోన్ చేయండి. అమ్మకూ పరీక్షలు చేయించండి. తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడే టాకోట్సుబో అనే స్థితిని జపాన్ డాక్టర్లు 1990లో మొదట వర్ణించారు. అది ఎక్కువగా కనిపించేది నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్లలో.

మనసు సంగతీ డాక్టరుకు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో, ఆరు నెలలు దాటినా తగ్గకుండా రోజువారీ బతుకును ఆపేసే దుఃఖానికి ఒక ప్రత్యేకమైన పేరు, చికిత్స అవసరమన్న గుర్తింపు ఉన్నాయి. అమెరికా మానసిక వైద్యులు పెద్దవాళ్లకు 12 నెలలు గడువు పెట్టారు. మీది అదా కాదా అని ఉత్తరం చూసి నేను చెప్పకూడదు, మానసిక వైద్యులే చెప్పాలి. ఇంకా నిద్రపట్టకపోయినా, బాపు దగ్గరికే వెళ్లిపోవాలనే ఆలోచన వచ్చినా ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారంలోనే ఒక రోజు సగం పూట సెలవు పెట్టి ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. హెల్త్ క్యాంపు రిపోర్టు వెంట తీసుకెళ్లండి. బాపు 54 ఏళ్లకే గుండెపోటుతో పోయారన్నది, మీరు సరిగా నిద్రపోవడం లేదన్నది, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి.